నెల సరుకులు ఎక్కడ కొంటే కలిసొస్తుంది? నిజాంపేట వైపు ఉండేవాళ్లు చెప్పండి

జగిత్యాల_ఆడపడుచు
సెప్టెంబర్ 26, 2025

అందరికీ నమస్కారం. మే నెలాఖరులో జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్‌లోని నిజాంపేటకు వచ్చాం. మా ఆయన బాచుపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరారు. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, ఎనిమిదో తరగతి పాప, మూడో తరగతి బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు షుగర్ ఉంది.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ బియ్యం కొన్న గుర్తు లేదు. ఉన్న కొద్ది పొలంలోని వడ్లనే పట్టించుకునేవాళ్లం. గట్ల మీద వేసిన కందులు పప్పుకు సరిపోయేవి. చింతపండు మా పెరటి చెట్టుదే. ఇక్కడ గుప్పెడు కొత్తిమీరకు పది రూపాయలు తీసి ఇస్తుంటే అత్తమ్మ నా చేతి వైపే చూస్తుంది.

మూడు నెలలుగా పాప పాత నోట్‌బుక్ వెనక పేజీల్లో లెక్క రాస్తున్నాను. జూన్‌లో 8,940, జూలైలో 9,870, ఆగస్టులో 9,620. ఇవి సరుకులు, కూరగాయలు, సబ్బులు కలిపి. పాలు, గ్యాస్ వేరే. ఆగస్టు లెక్క విడదీస్తే కూరగాయలకే 2,800 అయింది. బియ్యానికి 1,750. 26 కిలోల బస్తా 1,450 పెట్టి తెస్తే నెల నిండకముందే అయిపోయింది, ఆఖరి వారంలో లూజుగా ఐదు కిలోలు తెచ్చాను, దానికి 300. పిల్లల బిస్కెట్లు, మిక్చర్, చిప్స్ 1,150. ఆ అంకె చూసి నమ్మలేక రెండుసార్లు కూడుకున్నాను.

మా వీధి చివర ఒక కిరాణా కొట్టు ఉంది. ఖాతా రాస్తారు, ఒకటో తారీఖున కడతాం. పావుకిలో చక్కెర అడిగినా విసుక్కోరు. కానీ కందిపప్పు మార్ట్ కంటే కిలోకు 15 రూపాయలు ఎక్కువ. పెద్ద మార్ట్‌కు వెళ్తే ఆటోకు పోను రాను 160. చిట్టీ రాసుకునే వెళ్తాను, చిట్టీలో 14 వస్తువులుంటే బిల్లులో 23 ఉంటాయి. ఇక పాప ఫోన్లో యాప్ చూపించింది. ధరలు బాగానే ఉన్నాయి అనుకుంటే చివర్లో డెలివరీ అని, హ్యాండ్లింగ్ అని ఇంకో నలభై కలిసింది.

పోయిన నెల మార్ట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర 400 తక్కువ పడ్డాయి. వెనక వరుసలో జనం నిలబడి ఉన్నారు. నెయ్యి సీసా, బాబు కోసం తీసుకున్న పాలల్లో కలిపే పొడి డబ్బా పక్కన పెట్టించాను. బాబు ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక ఇలా లాభం లేదు, ఎవరినైనా అడగాలి అనుకున్నాను.

హోల్‌సేల్ కొట్లుండే బేగంబజార్‌లో చాలా చవక అని పక్కింటి వాళ్లు అంటున్నారు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి వెళ్లడానికి ఖర్చు ఉండదు. కానీ అంత దూరం వెళ్లి మోసుకొస్తే నిజంగా మిగులుతుందా? బియ్యం ఎక్కడ కొనాలి? కూరగాయలకు ఏం చేయాలి? మీరు చేస్తున్నది చెప్పండి, దయచేసి.


బాచుపల్లి_టీచర్
సెప్టెంబర్ 26, 2025

అక్కా, నేను ప్రైవేటు స్కూల్లో పని చేస్తాను, మాదీ లెక్క చూసుకుని బతికే ఇల్లే. నాకు తెలిసినవి చెప్తాను.

మార్ట్‌ను మానేయకండి, వెళ్లే పద్ధతి మార్చండి. పిల్లల్ని తీసుకెళ్లకండి, ట్రాలీ తీసుకోకండి. చేతి బుట్ట పట్టుకుంటే బరువుకే మనం ఆగిపోతాం. నేను ఆదివారం అసలు వెళ్లను.

రేటు చూసేటప్పుడు ఎంఆర్‌పీ పక్కన చిన్న అక్షరాల్లో గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించి ఉంటుంది, అది చూడండి. ముఖ్యంగా నూనె దగ్గర. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. కొన్ని ప్యాకెట్లు చూడ్డానికి అదే సైజులో ఉంటాయి కానీ లోపల 850 గ్రాములే ఉంటుంది. 910 గ్రాములది 155 రూపాయలైతే కిలో 170 పడుతుంది. 850 గ్రాములది 150కే వచ్చిందని తీసుకుంటే కిలో 176 పైనే పడుతుంది. ఐదు రూపాయలు తగ్గిందని సంతోషపడి నేను చాలా నెలలు అలాగే కొన్నాను.

ఇంకోటి, ఈ నెల 22 నుంచి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, తల నూనె మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నెయ్యి మీద 12 నుంచి 5కి వచ్చింది. కొట్లలో పాత ధర ముద్రించిన సరుకు ఇంకా ఉంటుంది, కొత్త ధర ఎంత అని అడిగి తీసుకోండి.

కూరగాయలకు వారం అంగడి చూడండి. మా వైపు వారానికో రోజు రోడ్డు పక్కన పెడతారు, మీ వైపూ ఉండే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి వెళ్తే మంచి ఏరుకోవచ్చు. ఎనిమిది దాటాక వెళ్తే కుప్ప ఇరవైకి ఇచ్చేస్తారు, కానీ ఆకుకూరలు వాడిపోయి ఉంటాయి. నేను టమాటా, బెండకాయ ముందే కొని, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, సొరకాయ లాంటివి చివర్లో తీసుకుంటాను.


పాత_గుమాస్తా
సెప్టెంబర్ 27, 2025

అమ్మా, మీ పోస్టు రాత్రి చదివాను. నేను కిషన్‌గంజ్‌లో, అంటే బేగంబజార్ పక్కనే, ఒక పప్పుల కొట్టులో 22 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి మానేశాను. అక్కడ ఏది చవక, ఏది కాదు అన్నది కాస్త వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

బేగంబజార్‌లో అన్నీ చవక అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. హోల్‌సేల్ రేటు బస్తాకు. 30 కిలోలో 50 కిలోలో ఎత్తేవాడికి ఆ రేటు. మీరు వెళ్లి రెండు కిలోలు అడిగితే హోల్‌సేల్ కొట్టులో ఇవ్వరు, ఇచ్చినా చిల్లర రేటే వేస్తారు. ఐదు కిలోల నుంచి ఇచ్చే కొట్లు ఉంటాయి, వాటిని వెతుక్కోవాలి. మొదటి కొట్టులో కొనేయకండి. మూడు కొట్లలో ఒకే సరుకు పేరు చెప్పి రేటు అడగండి, సరుకు చేతిలోకి తీసుకుని చూడండి, అప్పుడు కొనండి.

ఇక ఏ సరుకుకు అంత దూరం వెళ్లాలి? నూనెకు వద్దు. చక్కెరకు వద్దు. వీటిలో లాభం మార్జిన్ చాలా తక్కువ, మీ పక్క మార్ట్‌లోనే ఒక్కోసారి మా కొట్టు కంటే తక్కువకు దొరుకుతుంది. సబ్బులు, బిస్కెట్లు సరేసరి. కందిపప్పు, పెసరపప్పు కిలోకు పదో పదిహేనో మిగులుతుంది, ఐదు కిలోలు తీసుకుంటేనే దానికి అర్థం. అసలు తేడా అంతా జీలకర్ర, ధనియాలు, ఆవాలు, మిరియాలు, ఏలకులు, ఎండుమిర్చి, చింతపండులో ఉంటుంది. వీధి కొట్టులో ఇవి యాభై గ్రాములు, వంద గ్రాముల పొట్లాలుగా అమ్ముతారు, పొట్లం ఎంత చిన్నదైతే కిలో రేటు అంత పెరుగుతుంది. మీరు వంద గ్రాముల జీలకర్ర పొట్లం ధరను పదితో హెచ్చవేసి ఒక కాగితం మీద రాసుకుని రండి. అక్కడ కిలో రేటు అడగ్గానే మీకే తెలుస్తుంది. అరకిలో తీసుకుంటే మీ ఇంటికి నాలుగు నెలలు వస్తుంది. బరువూ తక్కువ, బస్సులో ఒళ్లో పెట్టుకుని రావచ్చు.

కాబట్టి నెలనెలా వద్దు. మూడు నాలుగు నెలలకు ఒకసారి రండి. కోఠి బస్సెక్కి దిగాక కొంచెం నడక, లేదా మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి ఆటో. పొద్దున పదకొండుకు వస్తే కొట్లు తెరిచి ఉంటాయి, రద్దీ ఇంకా మొదలవదు.

కొనడానికి కాలం ఉంటుందమ్మా, అది మీకు ఊళ్లో తెలిసే ఉంటుంది. సంక్రాంతి దాటాక కొత్త కందులు దిగుతాయి, మార్కెట్లో పప్పు రేటు మెత్తబడేది అప్పుడే. తాండూరు కంది దొరికితే అది తీసుకోండి. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ కూడా మిగులుతుంది. పప్పును అరచేతిలో వేసుకుని రుద్దండి, చేతికి జిడ్డు అంటితే నూనె పాలిష్ చేసినదని అర్థం. మెరుపు చూసి మోసపోవద్దు, కొంచెం మసకగా ఉన్న పప్పే మేలు. ఎండుమిర్చి, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కొనాలి. ఏడాదికి సరిపడా అప్పుడు తీసుకుని ఎండబెట్టి దాచుకునేవాళ్లు మా కొట్టుకు వరుసగా వచ్చేవాళ్లు. పప్పును రెండు ఎండలు ఎండబెట్టి, కొంచెం ఆముదం పట్టించి డబ్బాలో పోస్తే పురుగు రాదు. పసుపు మాత్రం ఇక్కడ కొనకండి. మీ జగిత్యాల జిల్లా మెట్‌పల్లి పసుపు మార్కెట్‌కు ఎంత పేరుందో మీకు చెప్పక్కర్లేదు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు రెండు కిలోల కొమ్ములు తెచ్చుకుని గిర్నీలో పట్టించుకోండి.

బియ్యం సంగతి. 26 కిలోల బస్తా ఎందుకు వచ్చిందో తెలుసా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. 25 దాటితే లేదు. అందుకని మిల్లుల వాళ్లు ఒక కిలో ఎక్కువ పోసి 26 కిలోల బస్తా చేశారు. లూజుగా తూకం వేసి ఇచ్చేదానికీ పన్ను లేదు. మీరు 1,450 ఇచ్చారంటే కిలో 56 పడింది. పది కిలోల బస్తా కొనేటప్పుడు కూడా ఇలాగే కిలోకు లెక్కేసుకోండి. కొత్త బియ్యం చవకే, కానీ ముద్దయిపోతుంది, పిల్లలు తినరు. వానాకాలం పంట బియ్యం డిసెంబర్, జనవరిలో రెండు బస్తాలు కొని నాలుగైదు నెలలు కదపకుండా ఉంచగలిగితే పాత బియ్యం అవుతుంది, ఆ తేడా డబ్బు మీకే.

అత్తమ్మగారి కోసం ఎవరైనా "షుగర్ లేని బియ్యం" అని ఎక్కువ రేటు చెప్తే నమ్మకండి. ఆ పేరుతో అమ్మేది తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల వంగడం. మామూలు సన్నబియ్యం కంటే రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది, అంతవరకు నిజం. బియ్యమే కాబట్టి కొలిచే తినాలి. పల్లెల్లో చాలామంది పండిస్తున్నారు, మీ ఊరి రైతు దగ్గర అడిగితే బ్రాండ్ బస్తా ధర పెట్టక్కర్లేదు.


మూసాపేట_అమ్మ
సెప్టెంబర్ 27, 2025

చెల్లీ, అన్నగారు చెప్పినవి బాగున్నాయి. కానీ నీకు ముందు అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు. రేషన్ కార్డు ఉందా?


జగిత్యాల_ఆడపడుచు
సెప్టెంబర్ 27, 2025

ఉంది అక్కా, కానీ ఊరి కార్డు. నలుగురి పేర్లు ఉన్నాయి, బాబుది లేదు. ఇంత దూరం నుంచి నెలనెలా వెళ్లలేక మే తర్వాత తీసుకోలేదు. మా ఆయన ఈ ఊరికి మార్పించుకోవాలంటే చాలా తిరగాలి అన్నారు.


మూసాపేట_అమ్మ
సెప్టెంబర్ 27, 2025

మార్పించుకునే పనే లేదు! తెలంగాణలో ఏ ఊరి కార్డుతో అయినా ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు. ఈ సౌకర్యం ఏళ్లుగా ఉంది. కార్డు నంబరు చెప్పి, కార్డులో పేరున్నవాళ్లు ఒకరు వేలిముద్ర వేస్తే చాలు. నిజాంపేటలో మీకు దగ్గరున్న షాపుకు నెల మొదట్లోనే వెళ్లు, ఆలస్యం చేస్తే స్టాకు అయిపోయిందంటారు. నలుగురికీ ఈకేవైసీ, అంటే ఆధార్‌తో వేలిముద్ర సరిచూడటం, అయిందో లేదో కూడా అక్కడే అడుగు.

ఇప్పుడు ఇచ్చేది దొడ్డుబియ్యం కాదు. ఈ ఏడాది ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు, ఉచితంగా. నలుగురికి 24 కిలోలు. నువ్వు నెలకు 1,450 పెట్టి కొంటున్న బస్తా దాదాపు అంతే కదా. ఒక్కో నెల కొత్త బియ్యం వస్తుంది, అప్పుడు నీళ్లు తగ్గించి పొయ్యి. బాబు పేరు చేర్పించడానికి మీసేవలో దరఖాస్తు పెట్టు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ తీసుకెళ్లు.

ఇంకొక్క మాట, ఇది నా మనసులోది. వీధి కొట్టును పూర్తిగా వదిలేయకు. 2020 లాక్‌డౌన్‌లో మా ఆయనకు మూడు నెలలు పని లేదు. మాకు బియ్యం, పప్పు, నూనె ఆగకుండా ఇచ్చింది మా వీధి కొట్టాయనే. పుస్తకంలో రాసుకున్నాడు, ఒక్కసారి కూడా ఇంటి ముందుకు వచ్చి అడగలేదు. ఆ బాకీ తీర్చడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఆ కొట్టులో కిలోకు పది రూపాయలు ఎక్కువైనా నేను ఇప్పటికీ ఉప్పు, టీ పొడి, చక్కెర, పిల్లల పెన్సిళ్లు అక్కడే తీసుకుంటాను. మార్ట్ వాళ్లు ఖాతా రాయరు చెల్లీ.


బాచుపల్లి_టీచర్
సెప్టెంబర్ 28, 2025

ఆ అక్క చెప్పింది నిజం. కూరగాయల గురించి ఒకటి మర్చిపోయాను. కూకట్‌పల్లి రైతుబజార్ మీకు ఒక్క బస్సు దూరం. లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది, ముందు దాన్ని ఫోటో తీసుకోండి, తర్వాత కొనండి. 1999 నుంచి రైతుబజార్లలో ఈ బోర్డు పద్ధతి ఉంది, అమ్మేవాళ్లు బోర్డు కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఎక్కువ చెప్తే ఫోటో చూపిస్తాను, మారు మాట లేకుండా తగ్గిస్తారు. వారానికి ఒకసారి పొద్దున్నే వెళ్తే చాలు.


జగిత్యాల_ఆడపడుచు
నవంబర్ 2, 2025

మీ అందరికీ లెక్క చెప్పకుండా ఉండకూడదని రాస్తున్నాను.

అక్టోబర్ మూడున రేషన్ షాపుకు అత్తమ్మను తీసుకుని వెళ్లాను. నా వేలిముద్ర రెండుసార్లు పడలేదు, అత్తమ్మది మొదటిసారికే పడింది. 24 కిలోలు ఇచ్చారు. సంచి భుజాన ఎత్తుకోబోతే అత్తమ్మ వద్దని ఆటో పిలిచింది, ఆ నలభై రూపాయలు తన కొంగు ముడి నుంచి ఇచ్చింది. ఆ రాత్రి అన్నం తిని "మన వడ్ల బియ్యం లెక్కనే ఉంది" అంది. నాలుగు నెలల తర్వాత ఆమె అన్నం బాగుందని చెప్పడం అదే మొదటిసారి. నెల చివర్లో ఐదు కిలోలు కొనాల్సి వచ్చింది, 290. బాబు పేరుకు మీసేవలో దరఖాస్తు ఇచ్చాం.

బేగంబజార్‌కు ఒక బుధవారం వెళ్లాను. మూడు కొట్లు అడగమన్నారు కదా, నాలుగు అడిగాను. జీలకర్ర అరకిలో, ధనియాలు కిలో, ఆవాలు, మిరియాలు, ఐదు కిలోల కందిపప్పు, కిలో చింతపండు తీసుకున్నాను. మొత్తం 1,940. కందిపప్పు రెండు నెలలు వస్తుంది, మిగతావి సంక్రాంతి దాకా చూసుకోవచ్చు. పొరపాటు కూడా ఒకటి జరిగింది. ఏలకులు చవకగా కనిపించి వంద గ్రాములు తీసుకున్నాను, చిట్టీలో లేవు. మా ఇంట్లో ఏలకులు ఏడాదికి అంత వాడం.

కూరగాయలు రైతుబజార్‌లో, మంగళవారం అంగడిలో కలిపి 2,050 అయ్యాయి. ఆగస్టులో 2,800 కదా. పిల్లల చిరుతిళ్లు పూర్తిగా మాన్పించలేదు. వారానికి ఒక రోజు ఇంట్లో మురుకులు, చెగోడీలు చేస్తున్నాను, మిగతా రోజులకు ఒకటి రెండు ప్యాకెట్లు. 600 అయింది. ఉప్పు, చక్కెర, టీ పొడి వీధి కొట్టులోనే. మూసాపేట అక్క మాట చదివిన రోజే మా ఆయనకు చదివి వినిపించాను.

బేగంబజార్ సరుకు కాకుండా అక్టోబర్ ఖర్చు 6,310. అది కలిపితే 8,250. ఆగస్టు కంటే 1,370 తక్కువ, పైగా డబ్బాల్లో సరుకు మిగిలి ఉంది. మొన్న ఒక్కదాన్నే మార్ట్‌కు వెళ్లి బుట్టతో తిరిగాను. బిల్లు కౌంటర్ దగ్గర 212 మిగిలాయి. ఆ పొడి డబ్బా తెచ్చాను. బాబు డబ్బా మూత తీసి ముందు వాసన చూసుకున్నాడు.

పాత గుమాస్తా బాబాయ్ గారూ, ఫిబ్రవరిలో ఎండుమిర్చికి వస్తాను. మాకు ఏడాదికి మూడు కిలోలు పడుతుంది. పిల్లలు కారం తక్కువ తింటారు. ఏ రకం అడగాలి, తొడిమ తీసినది కొనాలా, తొడిమతోనే కొని ఇంట్లో తీసుకోవాలా?


పాత_గుమాస్తా
నవంబర్ 2, 2025

తొడిమతోనే కొనండమ్మా, నిలవ బాగుంటుంది, రేటూ తక్కువ. తేజ రకం వద్దు, అది మీ పిల్లలకు మంట. బ్యాడిగి రంగుకు బాగుంటుంది, కారం తక్కువ. రెండు కిలోలు అది, ఒక కిలో మామూలు రకం కలిపి పట్టించండి. కాయను విరిచి చూడండి, ఫట్ మని విరగాలి. వంగి మెత్తగా ఉంటే లోపల తడి ఉన్నట్టు, ఆ కొట్టు వదిలి పక్క కొట్టుకు వెళ్లండి. ఫిబ్రవరి మొదట్లో ఇక్కడ ఒక మాట రాయండి, ఆ వారం రేటు కనుక్కుని చెప్తాను.